నల్లదారం కట్టిన బాతుపిల్లలు

మా మేడమీద కిరాయికుండేవాళ్ల పాప వారం కింద సంతలో రెండు బాతుపిల్లల్ని కొనిపించుకుంది. మేముండే ఖానాపురం హవేలి కాలనీలో అన్ని ఇళ్లలాగే మాదీ నున్నటి టైల్స్ ఇల్లు. మొన్న సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి మేడెక్కాను. ఒక పిల్ల అటూ ఇటూ తిరుగుతోంది. రెండోది కాళ్లు రెండు పక్కలకీ జారిపోయి, మడమల మీద కూలబడి, ఒళ్లంతా వణుకుతూ లేవబోతోంది. లేవలేకపోతోంది. పాప దాని ముందు తెల్లటి అన్నం ముద్ద పెట్టి తినమని బతిమాలుతోంది.

అన్నం తీసెయ్యమని పాప మీద గట్టిగా అరిచేశాను. అది బిత్తరపోయింది. వాళ్లమ్మ ఏమైందోనని బయటికొచ్చింది. ఈ వయసులో చిన్నపిల్ల మీద అరిచినందుకు సిగ్గేసి, బాతుపిల్లల్ని అట్టపెట్టెలో పెట్టించుకుని, ఆటో మాట్లాడుకుని, పశువుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను.

డాక్టరు కుర్రవాడు, ఓపిక ఉన్నవాడు. బాతుపిల్లకు కోడిపిల్ల కంటే ఒక విటమిన్ బాగా ఎక్కువ కావాలనీ, దాన్ని నియాసిన్ అంటారనీ, ఉత్త తెల్లబియ్యం, నూకలు, మొక్కజొన్న పెడితే అది అందక కాళ్లు వంగిపోతాయనీ చెప్పాడు. నున్నటి నేల మీద ఆ కాళ్లు జారి ఇంకా పాడవుతాయట. చుక్కల మందు రాసిచ్చి, దానితోపాటు ఈస్టు పొడి మేతలో కలిపి పెట్టమన్నాడు. "ఈస్టు అంటే తెలుసా ఆంటీ?" అని అడిగాడు. కల్లుకుండ అడుగున ఉండే మడ్డి అన్నాను. అతనికి నవ్వొచ్చింది. నాకు రాలేదు.

ఆ మడ్డి వాసన నా చేతులకు అంటుకుని ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకుంటే నా వయసు బయటపడుతుంది. కాబట్టి ఆ లెక్క వదిలేస్తాను.

మాది పినపాక అవతల, అడవి మొదట్లో ఉన్న ఊరు. మా తాత కృష్ణా వైపు నుంచి వచ్చి అక్కడ భూమి చేసుకున్నాడు. నాకు ఊహ తెలిసేనాటికి ఆయన లేడు. నానమ్మ ఉంది. ఇల్లు, చేను, పాడి, మా నాన్న, మా అమ్మ, అందరం నానమ్మ గొంతు కింద బతికేవాళ్లం. ఆమెకు ఒక కంట్లో పొర వచ్చింది గానీ, రెండో కన్ను రెండు కళ్ల పని చేసేది. మాట ఇస్తే తప్పని మనిషి అని ఊళ్లో పేరు. కొలత పోసేటప్పుడు ఒక గుప్పెడు ఎక్కువే పోసేది. ఆ పేరంటే ఆమెకు ఒంటిమీది బంగారం కంటే ఎక్కువ.

ఇంటి వెనక మిరపచేను, చేను వెనక వాగు, వాగు దాటితే కోయగూడెం. మిరపకాయ కళ్లానికి చేరే రోజుల్లో మా ఇంట్లో తుమ్మకుండా మాట్లాడినవాళ్లు లేరు. వాగు అవతలి నుంచి గాలి తిరిగితే మాత్రం ఇప్పపూల తీపి వాసన వచ్చేది. ఘాటు, తీపి ఒకదాని వెంట ఒకటి ముక్కుకు తగులుతుంటే, పరీక్షల ముందు పాఠాలు ఎవరికి ఎక్కుతాయి? నాకు ఎక్కేవి కావు.

గూడెంలో ఒకామె బాతులు పెంచేది. మా అమ్మ ఈడుది. భర్త పోయాడు, పిల్లలు లేరు. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆ బాతులున్నన్నాళ్లూ ఆమె మా చేలల్లో మిరపకాయ కోతకు రాలేదు, ఎవరి గడపా తొక్కలేదు. అయితే ముందటి వానాకాలం గోదావరి పొంగి, ఆ నీళ్లు వాగులోకి ఎగదన్నాయి. మనుషులు గుట్టెక్కి బతికారు గానీ బాతులు మూసి ఉన్న గూటిలోనే చచ్చిపోయాయి. ఒక ముసలి బాతు, ఒక మగబాతు మాత్రం మిగిలాయి. అప్పటి నుంచి ఆమె మా చేలో కూలికి వస్తోంది. కోత కోస్తూ కూడా ఆమె మాట్లాడేది బాతుల గురించే. మళ్లీ నాలుగు పిల్లలు చేతికొస్తే చాలు, ఇక ఎవరి చేలోనూ వంగనని అనేది.

ఆ ముసలి బాతు పెట్టిన పది గుడ్లను ఊక పోసిన బుట్టలో పెట్టుకుని ఒక పొద్దున మా ఇంటికొచ్చింది. బాతు గుడ్లు పెడుతుందే గానీ కూర్చుని పొదిగే ఓపిక దానికి ఉండదు. మా నల్లపెట్ట అప్పుడే పొదుగుకు వచ్చి, దగ్గరికెళితే మీదికొస్తోంది. ఆ గుడ్లను మా పెట్ట కింద పెట్టమని, పిల్లలు లేస్తే చెరిసగం అని ఆమె అడిగింది. మా వైపు దాన్ని పాలుకు ఇవ్వడం అంటారు. మేకను ఒకరిస్తారు, ఇంకొకరు సాకుతారు, పుట్టిన పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు, మాటే. నానమ్మ సరేనంది.

కోడిపిల్ల మూడు వారాలకు లేస్తుంది, బాతుపిల్లకు నాలుగు వారాలు కావాలి. ఇరవయ్యొకటో రోజు దాటగానే మా పెట్టకు విసుగు పుట్టింది. నిమిషానికోసారి లేచి గంప చుట్టూ తిరిగేది. నానమ్మ దాన్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టి, పైన ఇంకో గంప బోర్లించి, దాని మీద రాయి పెట్టేది. గుడ్ల మీద గోరువెచ్చటి నీళ్లు చిలకరించేది. ఆ వారం ఇంట్లో ఎవరూ గట్టిగా తలుపు వేయకూడదు. నేను బడి నుంచి రాగానే గంపకు చెవి ఆనించి పడుకునేదాన్ని. ఆ రోజుల్లోనే ఒక తెల్లవారుజామున గూడెంలో అడవిపిల్లి దూరి ఆ ముసలి బాతును ఎత్తుకుపోయింది. అంటే ఆ మగబాతు కాక అక్కకు బాతులంటూ ఉంటే ఇక ఈ గంప కిందివే.

పదింట్లో ఎనిమిది లేచాయి.

మూడో రోజు అక్క వచ్చింది. ఏరుకోమంది నానమ్మ. ఆమె ముక్కు చూడలేదు, కాలు చూడలేదు, చేతికందిన నాలుగింటిని పట్టుకుని కుడికాలికి నల్లదారం వదులుగా కట్టింది. వలకు వేసే ముడిలాంటి చిన్న గట్టి ముడి. రెక్క ఈకలు మొలిచాక వచ్చి తీసుకెళ్తాను, అప్పటిదాకా అన్నీ మీ పెట్ట వెంటే ఉండనీ అని చెప్పి కోతకు వెళ్లిపోయింది.

దారం లేని నాలుగూ మనవి. ఆ 'మనవి' అన్న మాట నా బుర్రలోకి ఎక్కిందే, అక్కడే వచ్చింది చేటు. పదేళ్ల పిల్లకు మన పర అని ఎవరు నేర్పుతారు? ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఇంట్లో గాలికే అబ్బుతుంది.

మర్నాటి నుంచే మనవాటిని పెట్ట వెనక నుంచి ఏరి తెచ్చేశాను. ఆ ఏడే మా వసారాకు షాబాదు బండలు పరిపించాడు నాన్న. అద్దంలా ఉండేవి. నానమ్మ రోజూ తడిబట్టతో తుడిపించేది. ఆ బండల మీద గంప కింద మనవి నాలుగూ. మట్టి అంటకుండా, గద్ద కంటబడకుండా. మేతకు కొత్త మిల్లులో ఆడించిన తెల్లటి నూకలు. తవుడు రేణువు కూడా లేకుండా జల్లించేదాన్ని. ఒక్కోరోజు మొక్కజొన్న రవ్వ ఉడికించి, చల్లార్చి, ముద్దలు చేసి పెట్టేదాన్ని. మా నాన్న అది చూసి, నీ మొగుడికి కూడా ఇంత బాగా వండిపెట్టవే అని ఆటపట్టించేవాడు. నానమ్మ మాత్రం మురిసిపోయి, మనవి మనం చూసుకోవాలిగా అనేది.

దారం కట్టినవి పెట్ట వెంట పెరట్లో తిరిగేవి. గేదె కుడితి తొట్టి దగ్గర ఒలికిన తవుడు తినేవి, మోటారు కాలువలో దిగి నత్తలు, పురుగులు మింగేవి, బురద పూసుకుని వచ్చి వసారా ఎక్కబోయేవి. నేను చీపురు పుల్లతో అదిలించి తరిమేదాన్ని. నూకలు ఒక్క గింజ కూడా వాటికి పెట్టలేదు. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

మూడో వారంలో ఒక పొద్దున గంప ఎత్తితే మనవాటిలో ఒకటి లేవలేదు. మడమల మీద కూర్చుని నా వైపు చూసి కూసింది. లేపి నిలబెట్టాను. కాళ్లు బండ మీద రెండు పక్కలకూ జారాయి, పొట్ట నేలకు ఆనింది. మళ్లీ నిలబెట్టాను, మళ్లీ అంతే. సాయంత్రానికి రెండోది కూలబడింది. నానమ్మ వాతమని ఆముదం వెచ్చచేసి కాళ్లకు రాసింది. ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. పసుపు నీళ్లు పట్టింది. ఒంట్లో బలం లేదని నన్ను ఇంకొంచెం నూకలు పెట్టమంది. పెట్టాను. మూడు రోజుల్లో నాలుగూ కూలబడ్డాయి. మోకీళ్లు వాచాయి. మేత కోసం రెక్కలతో బండ మీద పాక్కుంటూ వచ్చేవి.

బయట దారం కట్టిన నాలుగూ పరుగులు తీస్తున్నాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న నవ్వాడు. "బండల మీద పెంచినవి పడకేశాయి, బురదలో పెరిగినవి ఊరేగుతున్నాయి. బాగుందమ్మా నీ సాకుడు." అందరూ నవ్వారు. నానమ్మ నవ్వలేదు. పెరుగు కలుపుకుంటూ, పోయేవి పోతాయిలే, అమావాస్య వెళ్లాక అది వచ్చి దానివి తీసుకుపోతుంది, మనకు ప్రాప్తం లేదు అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చూపు పెరట్లో తిరుగుతున్న నాలుగింటి మీదే ఉంది. నేను కంచం వదిలేసి లేచాను. అవి చచ్చిపోతాయన్న భయం ఒకటైతే, నేను పెంచినవి ఓడిపోయాయన్న ఉక్రోషం ఇంకొకటి. ఏది ఎక్కువో చెప్పమంటే నిజం చెప్తాను, ఉక్రోషమే ఎక్కువ.

అమావాస్య వెళ్లిన మధ్యాహ్నం అందరూ మిరపకళ్లంలో ఉన్నారు. నేను దారం కట్టిన నాలుగింటినీ కుడితి తొట్టి దగ్గర పట్టుకున్నాను. అక్క వేసిన ముడి గోళ్లకు లొంగలేదు. బ్లేడు తెచ్చి కోశాను. బ్లేడు జారి ఒకదాని కాలికి గీరుకుని నెత్తుటి చుక్క కనబడింది. అది నన్ను పొడవలేదు, చేతిలో అలాగే పడుకుంది. కోసిన దారం మళ్లీ కట్టడానికి సరిపోదు కాబట్టి, నానమ్మ రేకుపెట్టెలో భద్రాచలం నుంచి తెచ్చి దాచుకున్న నల్లదారం ఉండలోంచి నాలుగు ముక్కలు కోసుకుని, కూలబడ్డ నాలుగింటి కాళ్లకు కట్టాను. జడకు రిబ్బను కట్టుకునే ముడి. నాకు వచ్చిన ముడి అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే అక్క వచ్చింది. నానమ్మ వాకిట్లో గోనెపట్టా మీద కూర్చుని మిరపకాయల్లో తెల్లబారిన తాలు కాయలు ఏరుతోంది. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. అక్క గంప ఎత్తింది. దారాలు కట్టుకుని నాలుగూ కూలబడి ఉన్నాయి. చాలాసేపు వంగి చూసింది. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని, కాలికున్న దారాన్ని వేలితో అటూ ఇటూ తిప్పింది. నెల కింద కట్టిన దారమైతే మట్టిపట్టి మాసిపోవాలి, ఇది నిగనిగలాడుతోంది. తల ఎత్తి పెరట్లో తిరుగుతున్న నాలుగింటిని చూసింది. తర్వాత నానమ్మ వైపు చూసింది.

నానమ్మ ఇప్పుడు అంటుంది, ఇవి కాదమ్మాయ్ నీవి, అవి, అని అంటుంది. అనేస్తే నాకు నాలుగు దెబ్బలు పడతాయి, పడితే పడ్డాయి, అయిపోతుంది. మనసులో దండం కూడా పెట్టుకున్నాను.

నానమ్మ మిరపకాయల మీద నుంచి చూపు ఎత్తలేదు. "నీవి ఇవేనేమో చూసుకో అమ్మాయ్" అంది.

"అవ్, ఇవే" అంది అక్క.

నాకు ఒక్కసారిగా ప్రాణం తేలికపడింది. నానమ్మకు పొర కన్ను కదా, చూడలేదు. అక్కకూ తెలియలేదు. ఇక ఎవరికీ తెలియదు. అలా అనుకుంటుండగానే అక్క నాలుగింటినీ తను తెచ్చిన బుట్టలో పెట్టి నా చేతికిచ్చింది. ఈ పిల్లను నా వెంట పంపు, బుట్ట కదలకుండ పట్టుకోవాలె అని నానమ్మను అడిగింది. నానమ్మ తల ఊపింది.

వాగు వైపు నడిచాం. ముందు ఆమె, వెనక నేను. మోకాళ్ల లోతు నీళ్లలో ఆమె వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా నేను తల దించుకుని బుట్టలోకి చూశాను. ఇప్పచెట్ల కింద పూలు ఏరుతున్న ఆడవాళ్లు కోయభాషలో ఆమెను ఏదో అడిగారు. ఆమె ఏదో చెప్పింది. వాళ్లందరూ నా వైపు చూశారు. ఏం చెప్పి ఉంటుందోనని ఆ రోజంతా నలిగిపోయాను.

ఆమె ఇల్లు అలికిన మట్టినేల. గోనెపట్టా పరిచి, దాని మీద వరిగడ్డి వేసి, నాలుగింటినీ దించింది. ఒక్కొక్కదాని మోకీలు నొక్కి చూసింది. పాతచీర అంచు చింపి, కాలికీ కాలికీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండేలా రెండు కాళ్లనూ వదులుగా కలిపి కట్టింది, పక్కలకు జారిపోకుండా. నన్ను పంపించి వాగు ఒడ్డున నత్తలు ఏరించింది. వాటిని రాతి మీద చితక్కొట్టి, పెంకులు ఏరేసి, తవుడులో కలిపింది. తర్వాత పొరుగింటి నుంచి తాటికల్లు కుండ తెచ్చి, పైది వంచేసి, అడుగున ఉన్న తెల్లటి మడ్డిని గిన్నెలోకి తీసింది. దాంట్లో నీళ్లు పోసి, తేరుకోనిచ్చి, పై నీళ్లు పారబోసింది. మళ్లీ నీళ్లు, మళ్లీ పారబోత. అట్ల కడగకపోతే పిల్లలకు నిషా ఎక్కుతుందట. మిగిలిన మడ్డిని ఆ తవుడులో జావలా కలిపింది.

నేను ఆత్రంగా ఒకదాని నోరు తెరిచి పోయబోయాను. ఆమె చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. "నోట్ల పొయ్యకు, పొరబోయి చస్తది. ముక్కు కొస ముంచు, అదే తాగుతది." ఆమె నన్ను కసిరింది అప్పుడొక్కసారే.

నేను ఇంటికి బయల్దేరేముందు, రోజూ బడి విడవంగనే రావాలని చెప్పింది. ఎందుకు అని అడిగే ధైర్యం లేదు. వెళ్లాను. మా ఇంట్లో మిరప పని ముమ్మరంగా ఉంది కాబట్టి నేనెక్కడున్నానో అడిగేవాళ్లు లేరు. నత్తలు నేనే ఏరేదాన్ని, చెదపట్టిన కట్టెలు దులిపి పురుగులు రాల్చేదాన్ని, మడ్డి నేనే కడిగేదాన్ని. మొదటి రెండు రోజులు వాటిలో ఏ మార్పూ లేదు. నేను మాత్రం ఆ గడప తొక్కేముందు ప్రతి రోజూ ఆగి, లోపలి నుంచి నాలుగు గొంతులు వినబడుతున్నాయా అని చెవులు రిక్కించేదాన్ని.

నాలుగో రోజు మూడే వినబడ్డాయి.

అందరికంటే ముందు కూలబడ్డది పోయింది. నేను ఎక్కువ నూకలు పెట్టింది దానికే, అదంటేనే నాకు ముద్దు. గడ్డి మీద పక్కకు ఒరిగి, మెడ చాచి ఉంది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. అక్క నన్ను ఓదార్చలేదు, పొమ్మననూ లేదు. నా ఏడుపు తగ్గిందాకా చూసి, మడ్డి గిన్నె నా ముందుకు జరిపింది. మిగతావాటికి ఆకలవుతోందంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుంటే నానమ్మ నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. కల్లు అన్న మాట కూడా పలకని ఇల్లు మాది. ఆమె కాసేపు నా మొహంలోకి చూసి, సబ్బు పెట్టి కడుక్కురా అంది. అంతే. ఎక్కడికెళ్లావు, ఏం చేశావు, ఒక్క ప్రశ్న లేదు. గండం గడిచిందని అప్పుడు సంతోషించాను. అంతటి మనిషి ఎందుకు అడగలేదో అన్న ఆలోచన పదేళ్ల బుర్రకు రాలేదు.

ఆరో రోజు ఒకటి గుడ్డముక్క కట్టుతోనే నిలబడింది. రెండు క్షణాలు నిలబడి పడింది. మళ్లీ లేచింది. ఎనిమిదో రోజుకు మిగతా రెండూ లేచాయి. పది రోజులకు కట్లు విప్పింది. రెండు బాగానే నడిచాయి, మూడోదానికి కాలు కొంచెం వంకరగానే మిగిలింది, కుంటుతూనే అందరికంటే ముందు మేత దగ్గరికి వచ్చేది. ఇంకో రెండు రోజులు ఆగి, వాటిని ఇంటి పక్క కుంటకు తీసుకెళ్లాం. నీళ్లు చూడగానే వాటికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. నేను గట్టు మీద కూర్చుని నవ్వుతున్నాను. నెల రోజుల్లో అదే మొదటిసారి నవ్వడం.

"దారం నువ్వే కట్టినవా?" అని అడిగింది అక్క, నీళ్ల వైపే చూస్తూ.

నా నవ్వు ఆగిపోయింది. తల ఊపాను.

"నా ముడి గట్లుండదు. దారం గూడ కొత్తగుండె."

నాకు ఏడుపొచ్చింది. మరి తెలిసీ ఆ రోజే ఎందుకు చెప్పలేదని ఎలాగో అడిగాను.

"చెప్తే ఏమైతది. నావి నాకిస్తరు. ఇవి మీ కాడ్నే ఉంటయి. రెండు దినాలల్ల చస్తయి."

గొంతులో కోపం లేదు. కూర తరుగుతూ చెప్పినట్టు చెప్పింది. నీళ్లలోకి దిగి మూడింటినీ పట్టుకుని, కాళ్లకున్న నా దారాలు తెంపేసి, బుట్టలో వేసి నాకిచ్చింది. ఇవి మీవి, తీసుకెళ్లు, నావి తెచ్చియ్యి అంది. నేను బుట్ట ఎత్తుకున్నాక వెనక నుంచి మళ్లీ పిలిచింది.

"ఒకటి బతకలే. నాకు చేతగాలే అన్నదని మీ నానమ్మకు చెప్పు."

వాగు ఎలా దాటానో తెలియదు. నానమ్మ కళ్లంలో ఒక్కతే ఉంది. బుట్ట ఆమె ముందు దించి, మొదటి నుంచీ అంతా చెప్పేశాను. బ్లేడు సంగతి, రేకుపెట్టె సంగతి, కల్లుమడ్డి సంగతి. ఆమె చేతులు తాలు ఏరుతూనే ఉన్నాయి. ఒకటి బతకలేదట, ఆమెకు చేతకాలేదని నీతో చెప్పమంది అన్నాను. అప్పుడు ఆ చేతులు ఆగాయి.

బుట్టలోంచి కుంటిది తల బయటపెట్టి నానమ్మ కొంగు లాగింది. ఆమె దాని కాలు చూసింది. లేచి, పెరట్లోకి వెళ్లి, ఆ నాలుగింటినీ ఒక్కొక్కదాన్నే తానే పట్టుకుంది. అప్పటికి అవి బాగా ఎదిగాయి. మంచి గంప ఏరి, అడుగున గడ్డి పరిచి, వాటిని కూర్చోబెట్టింది. కాళ్లు కడుక్కుంది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది. గంప చంకనెత్తుకుని చేనుగట్టు దాకా నడిచింది. నేను వెనకే వెళ్లాను. గట్టు మీద ఆగిపోయింది. అవతల వాగు, దాని అవతల గూడెం కప్పులు కనబడుతున్నాయి.

గంప నా చేతుల్లో పెట్టింది. "నువ్వు ఇచ్చి రా. నేను రాను."

ఎందుకు నానమ్మా అన్నాను.

"ఆ మనిషి మొహం నేను చూడలేను. ఆ రోజే చూశాను దారాలు." ఇది చెప్పి, నా వైపు చూడకుండా వెనక్కి తిరిగింది. నానమ్మ నడక అంత మెల్లగా ఉండటం నేను అదివరకు చూడలేదు. నాకు ఆమె మీద పట్టరాని కోపమొచ్చింది. ఆ వెంటనే, పరుగెత్తుకెళ్లి ఆమెను పట్టుకోవాలనిపించింది. రెండూ చేయలేదు, చేతిలో గంప ఉంది.

అక్క నాలుగింటి కాళ్లూ పట్టి చూసింది. బ్లేడు గీరుకున్నచోట వేలితో తడిమింది. కుంటలోకి వదిలింది. కొంచెంసేపు నిలబడ్డాను, ఏమైనా అంటుందేమో, రేపు రమ్మంటుందేమో అని. ఆమె వాటినే చూస్తోంది. తిరిగి వస్తూ, పిలుస్తుందేమోనని వాగు దాకా వెనక్కి చూస్తూనే నడిచాను. పిలవలేదు.

ఆ ఏటి నుంచి ఆమె మా చేలోకి కూలికి రాలేదు. మా పెట్ట ఏటా పొదుగుకు వచ్చేది, నానమ్మ దాని కింద కోడిగుడ్లే పెట్టేది. ఆ మూడు బాతుల్ని మాత్రం మళ్లీ బండల మీదికి రానివ్వలేదు. కుడితి తొట్టి దగ్గరే, తవుడు తింటూ పెరిగాయి. గూడెంలో మంద నాలుగు నుంచి పది, పది నుంచి ఇరవై అయినట్టుంది. పొద్దున్నే వాగు మీదుగా వాటి అరుపులు మా ఇంటికి వినబడేవి. నానమ్మ ఏం మాట్లాడుతున్నా ఆపేసేది. అవి సద్దుమణిగాక గానీ మళ్లీ అందుకునేది కాదు. ఇంట్లో ఎవరికీ దాని సంగతి తెలియదు, నాకు తప్ప.

నానమ్మ పోయేదాకా నేను జరిగినదాన్ని ఆమె తప్పుగానే లెక్కేసుకుంటూ వచ్చాను. పెద్దది, తెలిసినది, నోరు విప్పాల్సింది ఆమే కదా అని. వాగు దాటితే పది నిమిషాల నడక. ఆ ఊళ్లో మేం ఇంకా ఆరేళ్లు ఉన్నాం. నేనూ వెళ్లలేదు.